అడవి మొక్కల సమాచారాన్ని అందరితో పంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ వంటి బహిరంగ డేటాబేస్‌లలో తెలుగు ప్రాంతాల అడవి మొక్కలను నమోదు చేసేవారు తరచుగా అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు కింద ఉన్నాయి. ఇలాంటి నమోదులను కొన్నేళ్లుగా సరిచూస్తున్న అనుభవంతో రాసినవి కాబట్టి, పొరపాట్లు ఎక్కువగా జరిగే చోట జవాబులు కాస్త పొడుగ్గా ఉంటాయి.

ఈ డేటాబేస్‌లో ఏముంటుంది? మొక్కల పుస్తకానికీ దీనికీ తేడా ఏమిటి?

మొక్కల పుస్తకం ఒక జాతి గురించి చెబుతుంది. మోదుగకు ఆకులు మూడేసి చొప్పున ఉంటాయని, ఎండలు ముదిరే ముందు ఆకు రాల్చి చెట్టంతా ఎర్రగా పూస్తుందని అందులో చదువుకుంటాం. డేటాబేస్‌లోని ఒక్కో నమోదు మాత్రం ఒకానొక మొక్క గురించి చెబుతుంది. ఫలానా రోజున, ఫలానా చోట, ఫలానా వ్యక్తి ఈ మొక్కను చూశారు, ఇదిగో ఆనవాలు అన్నదే దాని సారాంశం. ఏ మొక్క, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూశారు అనే నాలుగు అంశాల్లో మొక్క పేరే ముఖ్యమని చాలామంది అనుకుంటారు కానీ, నిజానికి పేరు తప్పయినా ఫోటో చూసి పదేళ్ల తర్వాత కూడా ఎవరో ఒకరు దిద్దగలరు. చోటు, తేదీ తప్పుగా రాస్తే మాత్రం వాటిని దిద్దగలిగినవారు ఆ రోజు అక్కడ నిలబడిన మీరు తప్ప మరొకరు ఉండరు.

ఐనాచురలిస్ట్ 2008లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైంది. 2023 నుంచి లాభాపేక్ష లేని స్వతంత్ర సంస్థగా నడుస్తోంది. మన దేశంలో ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ మొదలైందీ 2008లోనే. ఈ రెండు చోట్ల నుంచీ నమోదులు జీబిఫ్ అనే అంతర్జాతీయ భాండాగారానికి చేరతాయి. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ కేంద్రంగా 2001లో ఏర్పడిన ఈ వ్యవస్థలో ఇప్పటికే 200 కోట్లకు పైగా నమోదులు ఉన్నాయి. మ్యూజియంలలోని పాత నమూనాలు, పరిశోధకుల సర్వేలు, మీరు పొలం గట్టున ఫోనుతో తీసిన తంగేడు ఫోటో అన్నీ అక్కడ ఒకే వరుసలో కూర్చుంటాయి.

నేను బోటనీ చదువుకోలేదు. నేను చేర్చవచ్చా?

చేర్చవచ్చు. మొక్క పేరు తెలిసి ఉండాలన్న నియమం కూడా లేదు. "పూల మొక్క" అని మాత్రమే రాసి పెట్టినా, గుర్తుపట్టేవారు తర్వాత పేరు చేరుస్తారు. ఊహించి రాసిన జాతి పేరు కంటే ఇదే మేలు.

ఏది అడవి మొక్క, ఏది కాదు? మా పెరట్లో మొలిచినది లెక్కలోకి వస్తుందా?

అడవిలో ఉందా, ఊళ్లో ఉందా అన్నది ప్రశ్న కాదు. ఆ మొక్కను అక్కడ మనిషి నాటాడా, దానంతట అదే మొలిచిందా అన్నదే ప్రశ్న. రచ్చబండ దగ్గర పెద్దలు నాటిన రావిచెట్టు ఎంత పాతదైనా నాటిన చెట్టే. అదే ఊళ్లో గుడి ప్రాకారం పగుల్లో, పిట్ట రెట్టలోని విత్తనం నుంచి మొలిచి రాళ్లను విడగొడుతున్న రావిమొక్క మాత్రం నిస్సందేహంగా అడవి మొక్కే. నాటిన మొక్కలను చేర్చకూడదని కాదు. చేర్చినప్పుడు "నాటినది" అనే గుర్తు పెడితే చాలు, ఆ నమోదు సహజ వ్యాప్తిని లెక్కించే పటాల్లో కలవకుండా పక్కన ఉంటుంది. ఈ గుర్తు పెట్టడం మరిచిపోవడం వల్ల నర్సరీలు, పార్కులు, అపార్టుమెంట్ల ఆవరణలు కూడా ఒక్కోసారి అరుదైన మొక్కల స్థావరాలుగా పటంలో కనిపిస్తుంటాయి.

సీతాఫలం గురించి ప్రత్యేకంగా అడుగుతుంటారు. దాని పుట్టిల్లు అమెరికా ఉష్ణమండలం అయినా, తెలంగాణ గుట్టల మీద, నల్లమలలో అది ఎవరూ నాటకుండానే తరతరాలుగా మొలిచి కాస్తోంది. కాబట్టి గుట్ట మీది సీతాఫలం "అడవి" నమోదు, తోటలోది "నాటిన" నమోదు. విదేశీ మొక్క కావడం వేరు, నాటిన మొక్క కావడం వేరు.

ఫోటోలు ఎలా తీయాలి?

మాకు ఎక్కువగా వచ్చేది ఒకే ఒక్క పువ్వు, చుట్టూ అంతా మసకగా ఉన్న ఫోటో. క్యాలెండర్ మీదికి అది బాగుంటుంది కానీ, మొక్కను గుర్తించడానికి చాలదు. ఒకే మొక్కవి నాలుగైదు ఫోటోలు ఒకే నమోదులో పెట్టండి. మొక్క మొత్తం నిలబడిన తీరు, ఆకులు కాండానికి ఎదురెదురుగా ఉన్నాయా ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా, ఆకు అడుగు వైపు, పువ్వు ముందు నుంచీ పక్క నుంచీ, కాయ ఉంటే కాయ, చెట్టయితే బెరడు కూడా కనిపించాలి. కొలత తెలియడానికి పక్కన ఒక రూపాయి బిళ్లో, మీ చూపుడు వేలో ఉంటే ఇంకా మంచిది.

ఎందుకింత పట్టుదల అంటే, నేల ఉసిరిని చూడండి. పొలం గట్టున నిలబడి పై నుంచి ఫోటో తీస్తే కనిపించేది చింతాకు వంటి చిన్న ఆకుల వరుస ఒక్కటే. కూర్చుని, రెమ్మను వేలితో వెనక్కి తిప్పితే అడుగున ఆవగింజల కంటే కాస్త పెద్దవైన కాయలు బారుగా కనిపిస్తాయి. ఆ కాయలు నున్నగా ఉండి సన్నని తొడిమకు వేలాడుతుంటే అది ఫిలాంథస్ అమారస్. తొడిమ లేనట్టే రెమ్మకు అతుక్కుని, పైన గరుకు బొడిపెలతో ఉంటే అది ఫిలాంథస్ యూరినేరియా. రెండింటినీ నేల ఉసిరి అని పిలవడం మామూలే. రెమ్మ తిప్పి తీసిన ఆ ఒక్క ఫోటో లేకపోతే ఎంతటి నిపుణులైనా "ఏదో ఫిలాంథస్" అని రాసి ఊరుకోవలసిందే.

జిల్లేడు సంగతీ అంతే. రథసప్తమి నాడు తల మీద పెట్టుకునే ఆకు ఒక్కటే ఫోటో తీసి పంపితే అది ఏ జిల్లేడో చెప్పడం కష్టం. పువ్వు చూపిస్తే క్షణంలో తేలిపోతుంది. రేకులు పూర్తిగా విచ్చుకుని, వెనక్కి వాలి, మొత్తం ఒకే రంగులో ఉంటే కాలోట్రోపిస్ జైగాంటియా. రేకులు పైకి నిలబడి గిన్నెలా ఉండి, కొసల్లో ముదురు ఊదా మచ్చ ఉంటే కాలోట్రోపిస్ ప్రోసెరా.

వాట్సాప్ గ్రూపులో వచ్చిన మొక్క ఫోటోను చేర్చవచ్చా?

చేర్చకండి. మొదటి కారణం, ఆ ఫోటో మీది కాదు, తీసినవారి అనుమతి లేకుండా దానికి మీరు లైసెన్సు ఇవ్వలేరు. రెండోది, ఫోను ఫోటో తీసినప్పుడు దాని లోపల తేదీ, సమయం, అనుమతి ఇచ్చి ఉంటే అక్షాంశ రేఖాంశాలు కూడా దాచుకుంటుంది. వాట్సాప్‌లో మామూలుగా ఫోటో పంపినప్పుడు ఆ వివరాలన్నీ తొలగిపోయి, బొమ్మ కూడా కుదించుకుపోతుంది. అలాంటి ఫోటోకు చోటు, తేదీ చేర్చాలంటే ఊహించి రాయాలి, అది అసలు చేయకూడని పని. మీ సొంత ఫోటో అయినా ఫోనులోని అసలు ప్రతినే ఎక్కించండి. మిత్రుడు తీసినదైతే ఆయననే నమోదు చేయమని అడగండి.

ఫోటో చూసి యాప్ చెప్పిన పేరు నమ్మవచ్చా?

ప్రజాతి (దగ్గరి బంధువులైన జాతుల గుంపు) వరకు చాలాసార్లు నమ్మవచ్చు, జాతి వరకు వెళ్లేటప్పుడు ఆగి ఆలోచించాలి. ఈ గుర్తింపు సాధనం లోగడ జనం ఎక్కించిన ఫోటోల నుంచి నేర్చుకుంటుంది. తగినన్ని ఫోటోలు ఉన్న జాతులే దానికి తెలుస్తాయి. తూర్పు కనుమల్లో మాత్రమే పెరిగే మొక్కల్లో కొన్నింటికి ఫోటోలు చాలా తక్కువ. అందువల్ల శేషాచలం కొండల్లో మాత్రమే దొరికే మొక్కను చూపించినా, దేశమంతా పెరిగే దాని దాయాది పేరును యాప్ ధీమాగా చెబుతుంది. ఆ పేరునే మీరు ఒప్పుకుని, మరొకరు కూడా యాప్ మాటే విని సరేనంటే, అపురూపమైన నమోదు ఒకటి మామూలు మొక్కగా ముద్ర పడి మూలన పడుతుంది. నాకు సందేహం ఉన్నప్పుడల్లా బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా వర్చువల్ హెర్బేరియంలోనో (ఎండబెట్టి భద్రపరిచిన మొక్కల నమూనాల ఆన్‌లైన్ భాండాగారం), బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వారి ద్వీపకల్ప వృక్షజాతుల డేటాబేస్‌లోనో ఆ జాతి మన ప్రాంతంలో నమోదైందో లేదో చూసిన తర్వాతే పేరు రాస్తాను.

తెలుగు పేరు రాస్తే సరిపోదా?

తెలుగు పేరు తప్పకుండా రాయండి, కానీ అది ఒక్కటే రాయకండి. గలిజేరు అంటే కొన్ని ఊళ్లలో బోర్హావియా డిఫ్యూజా, కొన్ని ఊళ్లలో ట్రయాంథిమా పోర్టులకాస్ట్రమ్. మొదటిదానికి సన్నని పొడుగాటి కాడల చివర చిన్న గులాబీ పూల గుత్తులు, బట్టలకు అంటుకునే జిగురు కాయలు ఉంటాయి. రెండోదానికి కండగల ఆకులు, ఆకు మొదట్లోనే దాక్కున్నట్టు ఒంటరి పువ్వు ఉంటాయి. రెండూ నేల మీద పాకేవే, రెండింటినీ ఆకుకూరగా వండుకుంటారు. తెల్ల గలిజేరు, ఎర్ర గలిజేరు అని విడదీసి చెప్పేవారు కూడా ఏది తెలుపో, ఏది ఎరుపో అన్న దగ్గర ఏకాభిప్రాయానికి రారు. అందుకే శాస్త్రీయ నామం కావాలి.

అయినా తెలుగు పేర్లకు ఈ శాస్త్రంలో చిన్న చోటేమీ కాదు. 1781 నుంచి 1793 వరకు సామర్లకోటలో ఉన్న వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ ఈ తీరపు మొక్కలను వర్ణిస్తూ వాటి తెలుగు పేర్లను కూడా రాసుకున్నాడు. సోమిద మాను శాస్త్రీయ నామం సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగాలో మొదటి మాట మన సోమిదే. మీ ఊరి పేరును నమోదు చేసేటప్పుడు అది ఏ ఊళ్లో, ఎవరి నోట విన్నారో (మనిషి పేరు అవసరం లేదు, ఊరూ మండలమూ చాలు) వివరణ గడిలో రాయండి. ఇప్ప అన్నారా, విప్ప అన్నారా అన్న తేడా కూడా పోనివ్వకండి. ఐనాచురలిస్ట్‌లో జాతి పేజీకి తెలుగు పేరును తెలుగు లిపిలోనే చేర్చే వీలుంది. ఒక విన్నపం: ఏ మాండలికంలోనూ లేని పేరును మీరే కల్పించి, శాస్త్రీయ నామానికి తెలుగు అర్థం రాసి, దాన్ని స్థానిక పేరుగా పెట్టకండి. అలాంటివి తీసేయడానికే మాకు చాలా సమయం పోతోంది.

శాస్త్రీయ నామాలు ఊరికే ఎందుకు మారుతుంటాయి?

వృక్షాల బంధుత్వాలు కొత్తగా తేలినప్పుడు పేరు మారుతుంది. తంగేడు కాసియా నుంచి సెన్నాకు వచ్చింది. అకేసియా అన్న పేరు ఆస్ట్రేలియా చెట్లకే ఉండాలని 2005లో వియన్నాలో చేసిన నిర్ణయం 2011లో మెల్‌బోర్న్ అంతర్జాతీయ సమావేశంలో ఖాయం కావడంతో మన నల్లతుమ్మ వచేలియా నైలోటికా అయింది. 2022లో సర్కారు తుమ్మను ప్రోసోపిస్ నుంచి విడదీసి నెల్టుమా జూలిఫ్లోరా అన్నారు. జమ్మి మాత్రం ప్రోసోపిస్ సినెరేరియాగానే నిలిచింది. మీరు పాత పేరుతో నమోదు చేసినా డేటాబేస్ దాన్ని కొత్త పేరుకు ముడిపెడుతుంది, కాబట్టి కంగారు పడనక్కర్లేదు.

మా ఊరి మొక్క ఎక్కడో మంచు దీవిలో ఉన్నట్టు పటంలో కనిపిస్తోంది. ఏమైంది?

అక్షాంశం, రేఖాంశం తారుమారయ్యాయి. హైదరాబాద్ ఇంచుమించు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. ఈ రెండు అంకెలను ఒకదాని గడిలో మరొకటి రాస్తే చుక్క వెళ్లి నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో పడుతుంది. ప్రపంచ దేశాల విత్తనాలను మంచు కొండ లోపల భద్రపరిచింది ఆ దీవుల్లోనే అన్నది వేరే సంగతి. స్ప్రెడ్‌షీట్‌లో రెండు నిలువు వరుసలు అటుదిటు కావడంతో నేను కూడా ఒకసారి ఒక సర్కారు తుమ్మను అక్కడికి పంపాను. ధ్రువపు ఎలుగుబంట్ల మధ్య ముళ్లకంప మొలిచిన ఆ పటం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

ఫోనులో నేరుగా నమోదు చేసేవారికి ఈ బాధ ఉండదు కానీ, వారికి వేరే బాధ ఉంటుంది. చెట్ల గుబురులోనో లోయలోనో ఉపగ్రహ సంకేతం సరిగా అందక ఫోను చోటును అర కిలోమీటరు అవతల చూపించవచ్చు. అందుకే చోటుతో పాటు "ఎన్ని మీటర్లు అటూ ఇటూ" అన్న అంకెను చెరిపేయకుండా ఉంచండి. దశాంశ బిందువు తర్వాత నాలుగు అంకెలు ఉంటే దాదాపు 11 మీటర్ల వరకు, రెండే ఉంటే దాదాపు ఒక కిలోమీటరు వరకు చోటు తెలుస్తుంది. పాత డైరీ చూసి నమోదు చేస్తున్నప్పుడు "మన్ననూరు దగ్గర" అని మాత్రమే గుర్తుంటే అయిదు కిలోమీటర్ల వృత్తం గీయండి. లేని కచ్చితత్వాన్ని చూపించడం కంటే వెడల్పయిన వృత్తమే నిజాయితీ. జిల్లా పేర్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. తెలంగాణలో 2016 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి జిల్లాల సరిహద్దులు మారాయి. పాత రికార్డులో మహబూబ్‌నగర్ జిల్లా అని ఉన్న అమ్రాబాద్ ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది.

అరుదైన మొక్క కనిపించింది. చోటు బయటపెడితే దొంగలకు దారి చూపినట్టు కాదా?

ఇది అక్షరాలా సరైన భయం. శేషాచలం, పాలకొండల్లో ఎర్రచందనం ఉందని లోకమంతటికీ తెలుసు, ఆ మాట దాచి ప్రయోజనం లేదు. కానీ ఫలానా వాగు పక్కన ఇంత లావు చెట్టు ఇంకా నిలిచి ఉందన్నది లోకానికి తెలియదు, తెలియకూడదు కూడా. తిరుమల కొండల్లో మాత్రమే సహజంగా పెరిగే సైకాస్ బెడ్డోమి అనే మొక్క పరిస్థితి ఇంకా సున్నితం. అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం మొదటి అనుబంధంలో అది ఉంది, ఎర్రచందనం రెండో అనుబంధంలో ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రత్యేకంగా పేరు పెట్టి రక్షించిన కొద్ది మొక్కల్లో కూడా సైకాస్ బెడ్డోమి ఒకటి.

ఐనాచురలిస్ట్‌లో ఇలాంటి జాతులకు చాలావరకు చోటు తనంతట తానే మరుగున పడుతుంది. అసలు బిందువుకు బదులు, భుజం ఇంచుమించు 20 కిలోమీటర్లు ఉండే గడిలో ఎక్కడో ఒక చుక్క కనిపిస్తుంది, తేదీ కూడా నెల వరకే కనిపిస్తుంది. జాబితాలో లేని జాతి అయినా మీకు అనుమానం ఉంటే మీరే ఆ ఎంపిక పెట్టుకోవచ్చు. అయితే యంత్రం దాచిన చోటును మనిషి నోరు జారి చెప్పేయడం నేను చాలాసార్లు చూశాను. "ఫలానా గుడి వెనక మెట్ల దారిలో" అని వివరణలో రాయడం, వెనక అందరికీ తెలిసిన కొండ శిఖరం కనిపించే ఫోటో పెట్టడం, అదే ఫోటోను పూర్తి చిరునామాతో ఫేస్‌బుక్‌లో పంచుకోవడం లాంటివి చేస్తే దాచి ఏం లాభం? కొండ కొత్తిమీర వంటి చిన్న మొక్కలకూ ఇదే వర్తిస్తుంది. వేరు కోసం తవ్వేవాడికి చెట్టు కంటే చిన్న మొక్క తేలిక.

అసలు చోటు దాచేటప్పుడు నమోదు చేయడం ఎందుకు?

అసలు బిందువు డేటాబేస్ లోపల ఉంటుంది, మీరు నమ్మి అనుమతించిన పరిశోధకులు దాన్ని చూడగలుగుతారు. దాచకుండా పెట్టడానికీ, అసలు పెట్టకపోవడానికీ మధ్య ఉన్న దారి ఇది.

మొక్క మందు గుణాలను, మా తండా లేదా గూడెం పెద్దలు చెప్పిన వాడకాన్ని రాయవచ్చా?

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పలేను. మొక్క కనిపించిన చోటు, తేదీ మీ పరిశీలన, దాన్ని పంచుకునే హక్కు మీదే. పాము కాటుకు ఏ వేరు, ఏ పాళ్లలో, దేనితో నూరి ఇస్తారన్నది చెంచు పెద్దదో, కోయ వైద్యుడిదో, ఆయన పూర్వీకులదో. ఫోటో మీరు తీసినంత మాత్రాన ఆ జ్ఞానం మీది కాదు.

బహిరంగంగా రాసి ఉంచితే ఎవరూ పేటెంటు పట్టలేరు కదా అని కొందరు వాదిస్తారు. అందులో నిజం లేకపోలేదు. గాయాలకు పసుపు వాడకం మీద అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంటును మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) సవాలు చేసి, లోగడ అచ్చయిన ఆధారాలు చూపించి 1997లో రద్దు చేయించింది. ఆధారం రాసి ఉండటం అక్కడ పనికొచ్చింది. కానీ పసుపు సంగతి దేశంలో ప్రతి ఇల్లాలికీ తెలుసు. నాలుగు గూడేలకు మాత్రమే తెలిసిన వాడకాన్ని ప్రపంచం ముందు ఉచితంగా పెడితే, పేటెంటు ఎవరికీ రాకపోయినా లాభం వేరెవరికో పోతుంది, చెప్పినవారికి పైసా రాదు. 2001లో మొదలైన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయాన్ని మొదట పేటెంటు కార్యాలయాలకు మాత్రమే, గోప్యతా ఒప్పందం మీద తెరవడానికి కారణం కూడా ఈ చిక్కే.

కాబట్టి నేను పాటించే పద్ధతి ఇది. అందరికీ తెలిసిన వాడకాలు, అంటే మోదుగాకు విస్తళ్లు, ఇప్పపూలు ఏరుకోవడం వంటివి రాస్తాను. మోతాదుతో కూడిన వైద్యం, పూజలో వాడే రహస్యాలు రాయను. గ్రామస్థులే రాయించాలనుకుంటే దానికి వేరే చోటు ఉంది. జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం స్థానిక సంస్థల్లో ఏర్పడే జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును తయారు చేస్తుంది. ఏది అందులో ఉండాలో, అందులో ఏది బయటికి పోకూడదో ఆ కమిటీ, ఆ ఊరి జనం కలిసి తేల్చుకోవాలి. ఇంకో సంగతి, మందు గుణాలు రాస్తే చదివినవారు వాడి చూస్తారు. నేల ఉసిరి, గలిజేరు పేర్లలో ఉన్న గందరగోళం పైన చూశారు కదా.

గుర్తించడానికి మొక్కను పీకి తేవచ్చా? అడవిలోకి వెళ్లడానికి అనుమతి కావాలా?

పీకకండి. ఈ డేటాబేస్‌లకు ఫోటో చాలు. రిజర్వు అడవుల్లోకి, అభయారణ్యాల్లోకి, పులుల సంరక్షణ కేంద్రాల్లోకి వెళ్లడానికి అటవీ శాఖ అనుమతి అవసరం, నమూనాలు సేకరించడానికి వేరుగా రాతపూర్వక అనుమతి అవసరం. విదేశీ పౌరులు, విదేశీ సంస్థలు మన జీవ వనరులను పరిశోధనకు సేకరించాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ముందస్తు అనుమతి కావాలి. విదేశాల్లో స్థిరపడి సెలవులకు ఊరికి వచ్చే మన వాళ్లలో కొందరు తిరిగి వెళ్లేటప్పుడు గింజలు, వేర్లు మూటగట్టుకుపోతుంటారు. ఫోటోలతో సరిపెట్టుకోండి.

నేను పెట్టిన పేరును ఎవరో మార్చేశారు. ఏం చేయాలి?

ముందు వారు చెప్పిన కారణం చదవండి. కారణం రాయకపోతే మర్యాదగా అడగండి. ఐనాచురలిస్ట్‌లో మీ పేరును ఎవరూ చెరిపేయలేరు, తమ అభిప్రాయాన్ని పక్కన చేరుస్తారంతే. కనీసం ఇద్దరు చెప్పి, మూడింట రెండు వంతుల కంటే ఎక్కువ మంది ఒక జాతి మీద ఏకీభవిస్తే, ఫోటో, తేదీ, చోటు కూడా ఉంటే, ఆ నమోదు పరిశోధన స్థాయికి చేరుతుంది. ఇక్కడ ఒక అలవాటు మానుకోవాలి. పెద్దాయన చెప్పారు కదా అని మనకు నమ్మకం లేకపోయినా "అంగీకరిస్తున్నాను" నొక్కడం వల్ల ఒక్కరి మాట ఇద్దరి మాటగా లెక్కలోకి వస్తుంది. మీకు సొంతంగా తేడా తెలిసినప్పుడే నొక్కండి.

వయ్యారిభామ లాంటి పిచ్చిమొక్కను నమోదు చేయడం వృథా కాదా?

నా మటుకు నేను అరుదైన మొక్కల కంటే ఇవే ఎక్కువ రావాలని కోరుకుంటాను. వయ్యారిభామను మన దేశంలో 1950ల మధ్య పుణె దగ్గర గుర్తించారు. ఆ తర్వాత అది ఏ దారిన, ఏ ఏడు ఏ జిల్లాకు చేరిందో చెప్పే నమోదులు పలుచగా ఉండటానికి కారణం, పిచ్చిమొక్కే కదా అని అప్పట్లో చాలామంది పట్టించుకోకపోవడమే. ఇవాళ మీ ఊరి చెరువులో కొత్తగా కనిపించిన కలుపు రేపు ఏమవుతుందో ఇప్పుడే తెలియదు. మామూలు మొక్కలు మాయమవడం కూడా అంతే నిశ్శబ్దంగా జరుగుతుంది. గునుగు, తంగేడు ఏరడానికి బతుకమ్మ ముందు పిల్లలు ఎంత దూరం వెళ్లవలసి వస్తోందో మీ ఊళ్లో అడిగి చూడండి.

ఒకే చెట్టును ఏడాది పొడుగునా నమోదు చేయవచ్చా అని కూడా అడుగుతారు. చేయవచ్చు. మోదుగ ఏ వారంలో పూసింది, ఇప్ప ఏ వారంలో రాలింది అన్న వరుస ఏళ్ల తరబడి పోగుపడితే వాతావరణ మార్పును అధ్యయనం చేసేవారికి అది పనికొస్తుంది.

పటంలో మా మండలం ఖాళీగా ఉంది. అంటే ఇక్కడ మొక్కలు లేనట్టా?

చూసినవారు లేనట్టు. నమోదులు సాధారణంగా నగరాల చుట్టూ, విశ్వవిద్యాలయాల చుట్టూ, ఘాట్ రోడ్ల వెంట, పర్యాటకులు ఆగే చోట్ల గుంపుగా ఉంటాయి. మధ్యలో ఉన్న మెట్ట పొలాలు, చిట్టడవులు, చెరువు శిఖాలు ఖాళీగా కనిపిస్తాయి. ఆ ఖాళీని చూసి "ఇక్కడ విలువైన వృక్షసంపద ఏమీ లేదు" అని ఎవరైనా నివేదిక రాస్తే ఆ తప్పు డేటాబేస్‌ది కాదు, కానీ దాని పేరు చెప్పే రాస్తారు. మీకు ఒక ఆదివారం తీరిక ఉంటే, అందరూ వెళ్లే జలపాతానికి కాకుండా మీ సొంత మండలంలోని గుట్టకు వెళ్లండి.

ఏ లైసెన్సు ఎంచుకోవాలి? తర్వాత నమోదును తొలగించవచ్చా?

ఐనాచురలిస్ట్‌లో కొత్తగా చేరినవారికి మొదట ఉండేది, పేరు చెప్పి వాణిజ్యేతర పనులకు వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు. దాన్ని ఉంచినా, పేరు చెబితే చాలు వాణిజ్యానికి కూడా అనుమతిచ్చేది ఎంచుకున్నా, పరిశోధన స్థాయికి చేరిన నమోదు జీబిఫ్‌కు వెళ్తుంది. "అన్ని హక్కులూ నావే" అని పెడితే మాత్రం ఐనాచురలిస్ట్‌లోనే ఆగిపోతుంది. ఫోటోకు ఒక లైసెన్సు, నమోదు వివరాలకు మరొకటి పెట్టుకోవచ్చు. ఫోటోను కాపాడుకోవాలనుకునేవారు కూడా వివరాలనైనా వదిలితే మంచిది.

తొలగించవచ్చు, జీబిఫ్‌లో కూడా తర్వాతి నవీకరణలో అది పోతుంది. కానీ ఈలోగా ఎవరైనా దించుకున్న ప్రతిని వెనక్కి తెప్పించలేరు, ఒకసారి ఇచ్చిన లైసెన్సును ఆ ప్రతి మీద రద్దు చేయలేరు. అందుకే దాచవలసిన చోటును మొదటి రోజే దాచాలి.

మా కాలేజీ బోటనీ విభాగంలో పాత హెర్బేరియం షీట్లు చెదలు పట్టిపోతున్నాయి. వాటిని చేర్చవచ్చా?

ఇంతకంటే విలువైన పని చాలా తక్కువ. నలభై ఏళ్ల నాటి షీటు ఒక్కటి, ఇప్పుడు కాలనీగా మారిన గుట్ట మీద అప్పుడేముండేదో చెబుతుంది. విభాగాధిపతి అనుమతి తీసుకుని, షీటు మొత్తం ఒక ఫోటో, లేబుల్ దగ్గరగా ఒక ఫోటో తీయండి. లేబుల్ మీద ఉన్నది ఉన్నట్టే, తప్పుతో సహా ఎక్కించండి. అర్థం కాని చేతిరాతను అర్థమైనట్టు దిద్దకండి, మీ ఊహను వేరే గడిలో రాయండి. ఏడాది మాత్రమే ఉంటే ఏడాదే రాయండి, నెలా తారీఖూ కల్పించకండి. ఇవి మీరు స్వయంగా చూసిన మొక్కలు కావు కాబట్టి ఐనాచురలిస్ట్ వీటికి తగిన చోటు కాదు. సంస్థ పేరుతో జీబిఫ్‌కు నమూనాల డేటాసెట్‌గా పంపడం సరైన దారి. షీట్ల సంఖ్య పెద్దదైతే, హైదరాబాద్‌లో ఉన్న బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్కన్ ప్రాంతీయ కేంద్రాన్ని ముందుగా సంప్రదించండి. ఫోటో తీసిన తర్వాత షీట్లను పారేయకండి. ఫోటోలో ఆకు అడుగు వైపు కనిపించదు.